ఉండాది అని కొడితే ఉండాలి అయింది

పోయిన చలికాలంలో మా చిన్నక్కకు ఆయాసం ఎక్కువై బాగేపల్లిలో ఆస్పత్రిలో చేర్చినాము. రెండో రోజుకే తేరుకొని ఇడ్లీ తినింది. ఆమె కూతుర్ని హిందూపురంలో ఇచ్చినాము. ఆ పిల్ల ఊరికే ఫోన్ మీద ఫోన్. ఆస్పత్రి లోపల సిగ్నల్ దొరకదు, మాట తెగిపోతా ఉంటుంది. సరే అని వాట్సాప్‌లో తెలుగు అక్షరాల్లోనే ఒక ముక్క కొట్టినాను: "అమ్మకి ఇప్పుడు బాగానే ఉండాది, నువ్వు తొందర పడొద్దు." పంపించి ఫోన్ జేబులో వేసుకున్నాను.

రాత్రి పన్నెండు దాటినాక కారు మాట్లాడుకొని, చంకలో బిడ్డతో దిగింది. "ఏం మామా, బాగానే ఉండాలి అని రాస్తే నేనేమనుకోవాల? మీకే నమ్మకం లేదనే కదా అర్థం" అని ఏడుస్తా అడిగింది. ఫోన్ తీసి చూస్తే, నేను కొట్టిన 'ఉండాది' కాస్తా 'ఉండాలి' అయి కూర్చోనుంది. నేను కొట్టిన మాట నాదే. పోయిన మాట కీబోర్డుది.

ఒక్క అక్షరం. ది పోయి లి వచ్చింది. మన మూడు తాలూకాల్లో ఉండాది అంటే ఉంది అని. ఆ మాట కీబోర్డు లోపలి నిఘంటువులో లేదు. దగ్గరలో ఉండే తెలిసిన మాట ఉండాలి. ఇది తెలియనోడు తప్పు కొట్టినాడు పాపం, మనం సరిచేద్దాం అనుకొని దిద్దింది. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా పని చేసినవాణ్ణి. అకౌంట్లో వెయ్యి రూపాయలు ఉండాది అంటే నిల్వ. వెయ్యి రూపాయలు ఉండాలి అంటే రూలు. ఈ రెండింటికీ తేడా తెలియని గుమాస్తాను ఎవురూ కౌంటర్లో కూర్చోబెట్టరు. మన జేబులో మాత్రం కూర్చోబెట్టుకున్నాము.

ఆ రాత్రి నుంచి నేను ఫోన్ కీబోర్డులను ఒక పుస్తకం చదివినట్టు చదవడం మొదలుపెట్టినాను. మూడు నాలుగు రకాలు దింపుకొని, ప్రతిదాంట్లో ఒకే ముక్కలు కొట్టి చూసినాను. కంపెనీల పేర్లు పెట్టి తిట్టే ఉద్దేశం నాకు లేదు. లోపం దాదాపు అన్నిట్లోనూ ఒకే చోట ఉండాది కాబట్టి పేరుతో పని లేదు.

ముందర మన సంగతి ఒకసారి చెప్పుకోవాల. 2007లో కోలారు నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా వేరు పడినా, బాగేపల్లి, చింతామణి వైపు ఇంట్లో మాట మాత్రం వేరు పడలేదు. మొరసునాడు తెలుగు ఇప్పటికీ వినపడతానే ఉంటుంది. నా కౌంటర్ ముందర నిల్చున్న మనిషి తెలుగులో అడుగుతాడు, నేను తెలుగులో చెప్తాను. చలాన్ మీద కన్నడం, హిందీ, ఇంగ్లీషు అచ్చేసి ఉంటాయి. నేను ఇంగ్లీషులో రాసుకుంటాను, ఆయన కన్నడంలో సంతకం పెడతాడు. అంత మాటా తెలుగులో జరిగి, కాగితం మీదకు వచ్చేసరికి తెలుగు ఒక్క అక్షరం లేదు. చెవికి తెలుగు, కంటికి కన్నడం. ఇది మనకు లోపం అని ఎప్పుడూ అనిపించలేదు. కైవారంలో తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపి పుస్తకం చూసి పాడేవాళ్ళను చూస్తానే పెరిగినాము. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది కూడా బడిలో కాదు. చందమామ కన్నడంలోనూ తెలుగులోనూ వచ్చేది కదా, ఒకే కథను రెండు పక్కపక్కన పెట్టుకొని, ఈ గుండ్రం ఆ గుండ్రం అని పోల్చుకుంటా నేర్చుకున్నాను. తలకట్టు ఒక్కటి అలవాటైతే సగం పని అయినట్టే.

ఇప్పుడు ఫోన్ తీయండి. కీబోర్డు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న: భాష ఏది? తెలుగు అంటే తెలుగు లిపి ఇస్తుంది, తెలుగు నిఘంటువు ఇస్తుంది. కన్నడం అంటే కన్నడ లిపి, కన్నడ నిఘంటువు. భాష, లిపి, రాష్ట్రం మూడూ ఒకే మూటలో కట్టి ఉంటాయి. మా తోడల్లుడు బాగేపల్లిలోనే పుట్టి పెరిగినాడు, తెలుగు తప్ప ఇంట్లో ఇంకో మాట లేదు, తెలుగు అక్షరం ఒక్కటి చదవలేడు. ఆయనకు ఈ మూటల్లో ఏదీ సరిపోదు. కన్నడ కీబోర్డు పెట్టుకొని తెలుగు మాటలు కొడతాడు. అప్పుడు చూడాల తమాషా. మా ఇల్లు అని కొడితే మా ఇల్లి అవుతుంది. ఇల్లి అంటే కన్నడంలో ఇక్కడ. మాట అని కొడితే పక్కనే మంత్ర అని ఎత్తిస్తుంది, ఎందుకంటే కన్నడంలో మాట అంటే చేతబడి. ఒకసారి ఆయన "మాట ఇచ్చినాను" అని పంపితే మేమందరం ఒక పూట నవ్వుకున్నాము. నవ్వు అయినాక ఆయన ఏం చేసినాడు? రెండూ వద్దని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం మొదలుపెట్టినాడు. ఇప్పుడు మన వాట్సాప్ గుంపులు అన్నీ అదే దారి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కల్లు ఏదో కళ్ళు ఏదో, పాలు ఏదో పళ్ళు ఏదో చదివేవాడి అదృష్టం. మాండలికం పట్టుకోవాలనుకొనే మనలాంటోళ్ళకు అది పనికిరాని తూకం.

దీనికి విరుగుడు ఎవురూ కనిపెట్టలేదా అంటే, కనిపెట్టినారు, ముప్పై ఏళ్ళ ముందరే. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ అని ఒక కోడ్ ఖాయం చేసింది, ఐఎస్ 13194 దాని నంబరు. దాంట్లో తెలుగు క, కన్నడ క, హిందీ క అన్నిటికీ ఒకటే నంబరు. అక్షరం ఒకటే, తొడుక్కొనే చొక్కా వేరే. ఏ లిపిలో కనపడాల అనేది పక్కన ఒక గుర్తు పెట్టి చెప్తారు. సీడాక్ వాళ్ళ జిస్ట్ కార్డు పెట్టిన కంప్యూటర్లో కన్నడంలో కొట్టిన ముక్కను తెలుగులోకి మార్చి చూసుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అదే ఆలోచన మీద కట్టింది. కన్నడ ఇన్‌స్క్రిప్ట్‌లో క ఏ మీట మీద ఉంటుందో తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లోనూ అదే మీట మీద ఉంటుంది. ఒక లిపిలో చేయి తిరిగినవాడికి రెండోది ఉచితం.

తర్వాత యూనికోడ్ వచ్చి ఏ లిపికి ఆ లిపికి వేరే గది కట్టింది. అది తప్పని నేను అనను, దానివల్లే ఈ రోజు మీరు ఈ ముక్క చదవగలుగుతా ఉండారు. కానీ ఆ గదులు కూడా ఇస్కీ వరసలోనే కట్టినారు. తెలుగు క నంబరు 3093. కన్నడ క నంబరు 3221. తేడా 128. గ తీసుకోండి, మ తీసుకోండి, కొమ్ము తీసుకోండి, ఏత్వం తీసుకోండి, తేడా 128. దేవనాగరికి హ్రస్వ ఎ, ఒ తంటా ఉంది, మనకు అది కూడా లేదు, రెండు లిపుల్లోనూ ఎ ఏ ఒ ఓ నాలుగూ ఉన్నాయి. బీకాం చదివినోడికి కూడా అర్థమయ్యే లెక్క ఇది: కన్నడంలో కొట్టిన ప్రతి అక్షరం నంబరులో నుంచి 128 తీసేస్తే తెలుగు. అరసున్న, పాత అక్షరాలు ఒకటి రెండు చోట్ల చూసుకోవాల, అంతే.

కంప్యూటర్ల ప్రపంచంలో భాషకు లిపికి వేరు వేరు పేర్లు కూడా ఉండాయి. భాషకు తెలుగు అని ఒక గుర్తు, దాని పక్కన లిపికి కన్నడం అని ఇంకో గుర్తు పెట్టి, 'కన్నడ లిపిలో తెలుగు' అని రాసుకొనే పద్ధతి నియమాల్లోనే ఉంది. పంజాబీకి గురుముఖి కీబోర్డూ దొరుకుతుంది, అరబ్బీ అక్షరాల కీబోర్డూ దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు అని కూడా ఒక వరస పెట్టినారు. కన్నడ అక్షరాల్లో తెలుగు మాత్రం నేను చూసిన ఏ కీబోర్డులోనూ లేదు. చేతకాక కాదు. అడిగినోళ్ళు లేక.

ఆండ్రాయిడ్ వైపు నుంచి చూస్తే మనకు ఇవన్నీ కొత్తవే. 2012లో వచ్చిన 4.1 వర్షన్‌తో తెలుగు, కన్నడం, మలయాళం చూపించడం మొదలైంది. అంతకు ముందర ఫోన్లలో మన అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనపడేవి. కంప్యూటర్ మీద 2006లో వీవెన్ గారు లేఖిని పెట్టినప్పటి నుంచే కొందరు తెలుగు కొడతా ఉన్నారు కానీ, మన పక్క కంప్యూటర్ ఉండే ఇల్లు ఎన్ని? 2017 ఏప్రిల్‌లో జీబోర్డు 22 భారతీయ భాషలు చేర్చింది, అదే ఏడాది ఆగస్టులో గూగుల్ తెలుగు, కన్నడం మాటతో రాసే వసతి ఇచ్చింది. ఆ మేలు మర్చిపోకూడదు. మా అమ్మ బతికుంటే అచ్చం తన మాటలు తెరమీద చూసి మురిసిపోయేది అనుకుంటాను. అచ్చం తన మాటలే కనపడితే.

అసలు పితలాటకం ఆడ ఉండాది. కీబోర్డు పైన ఒక పట్టీ ఉంటుంది చూడండి, మూడు మాటలు చూపిస్తా ఉంటుంది. ఆ పట్టీ ఎట్ల పని చేస్తుందో మా తమ్ముని కొడుకు చెప్పినాడు. వాడు బెంగుళూర్లో ఆండ్రాయిడ్ యాపులు రాసే పనిలో ఉండాడు. "పెదనాయనా, నువ్వు కొట్టేటప్పుడు మాట కింద గీత కనపడుతుంది కదా, అది ఇంకా పెట్టెలోకి పోయినట్టు కాదు. స్పేస్ కొట్టినప్పుడు ఖాయం అవుతుంది. ఖాయం చేసే ఆ క్షణంలో దిద్దుబాటు జరుగుతుంది" అన్నాడు. అంటే లెడ్జర్లో పెన్సిల్‌తో రాసుకొని తర్వాత ఇంకు పెట్టడం మాదిరి. పెన్సిల్ నాది, ఇంకు వాళ్ళది. వెంటనే బ్యాక్‌స్పేస్ కొడితే చాలా కీబోర్డుల్లో మొదట కొట్టిందే తిరిగొస్తుంది అని కూడా వాడే చెప్పినాడు. ఆ సంగతి ఆ రాత్రి తెలిసుంటే కారు బాడుగ మిగిలేది.

ఆ పట్టీకి మాటలు ఎక్కడివి? ఎవరో ఎక్కడో అచ్చులో, నెట్‌లో రాసిన తెలుగు నుంచి ఏరినవి. పేపర్లు, వెబ్‌సైట్లు, వికీపీడియా. ఆ రాసినోళ్ళు దాదాపు అందరూ ఆంధ్ర, తెలంగాణ వాళ్ళు, అదీ బడి తెలుగులో రాసినోళ్ళు. మన తెలుగు అందులో ఉప్పు రవ్వంత కూడా లేదు. ఎందుకు లేదు అంటే మనం రాయలేదు కాబట్టి. ఇక్కడ కీబోర్డును ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. చిత్తూరు యాసలో నామిని పేజీలకు పేజీలు రాసి అచ్చేయిస్తే జనం చదవలేదా? మనం మాత్రం పెండ్లి పత్రిక దగ్గర నుంచి, ఎవరికన్నా నాలుగు ముక్కలు రాయాలంటే పుస్తకం తెలుగో కన్నడమో ఎత్తుకొనేవాళ్ళం.

కొంతమంది అనుకుంటారు, మాండలికం అంటే మాటలు, ఆ మాటలు కీబోర్డు ఎందుకు పోగొడుతుంది, ఒకసారి కొడితే నేర్చుకుంటుంది కదా అని. నిజమే, నేర్చుకుంటుంది. ఎనుము అని నేను పదిసార్లు కొట్టినాక ఎనుము చూపించింది. చెనిక్కాయలు, ఊరిబిండి, పితికిపప్పు, దుడ్డు, అన్నీ నేర్చుకునింది. పేర్లు దానికి కష్టం కాదు, పెద్ద మాటలు, పక్కన పోలిక ఉండే మాటలు తక్కువ. అది నేర్చుకోనిది, నేర్చుకున్నా నిలబెట్టుకోనిది క్రియల తోకలు. ఉండాది, ఉండాడు, చేస్తా ఉండాము, చెప్తాండారు, పోయినాను, అనింది. పక్కనే ఒక్క అక్షరం తేడాతో బడి మాట ఉంటుంది, అది వెయ్యింతలు ఎక్కువసార్లు చూసిన మాట. ప్రతిసారీ తూకం అటే మొగ్గుతుంది. చేస్తా ఉండాను అని మొదలుపెడితే చేస్తూ అనీ ఉన్నాను అనీ పట్టీలో ముందర నిల్చుంటాయి. కండ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చిన నాలాంటోడు సగం మాట కొట్టి పట్టీ ముట్టేస్తాడు. ఎవరూ బలవంతం చేయలేదు. ముట్టింది నేనే.

మాండలికం ఎక్కడ ఉంటుందో ఎవరికన్నా అనుమానం ఉంటే, సంతలో ఒక అరగంట నిల్చుంటే చాలు. ఎనుము అనే మాట అనంతపురంలోనూ ఉంది, కడపలోనూ ఉంది. పేర్లు సరుకుతోపాటు ఊర్లు తిరుగుతాయి. మనిషి ఏ ఊరోడో చెప్పేది మాట తోక. చింతామణి మనిషిని, మదనపల్లె మనిషిని, హిందూపురం మనిషిని నేను కౌంటర్ అవతల నుంచి కండ్లు మూసుకొని చెప్పేవాణ్ణి, వాళ్ళు అడిగిన వస్తువును బట్టి కాదు, వాక్యం ముగించే తీరును బట్టి. కీబోర్డు సరిగ్గా ఆ ముగింపునే కత్తిరిస్తా ఉండాది. పేర్లు మిగులుతాయి, మనం సంతోషపడతాము, పదాల పట్టిక పెరుగుతుంది. మాట్లాడే తీరు మాత్రం పట్టికలో ఎక్కదు.

ఇది మన పేజీకి నేరుగా తగిలే దెబ్బ. మనం ఊరూరి మాటలు పంపమని అడుగుతా ఉన్నాము. వచ్చిన వాక్యాలు నేను కూడా చదువుతా ఉంటాను. పంపినవాళ్ళలో కొందరు నాకు ముఖపరిచయం ఉన్నవాళ్ళు, వాళ్ళ నోట ఆ మాట ఎట్ల వస్తుందో నాకు తెలుసు. చెనిక్కాయలు పీకుతా ఉండారు అని అనే మనిషి, చెనిక్కాయలు పీకుతున్నారు అని పంపినాడు. ఫోన్ చేసి అడిగితే "నేను అట్ల కొట్టలేదే సార్" అంటాడు. కొట్టలేదు, నిజమే. రేపు ఎవరన్నా పిల్లలు మన పేజీ చూసి మొరసునాడు తెలుగు మీద పరిశోధన చేస్తే, బాగేపల్లిలో పీకుతున్నారు అనేవాళ్ళని రాసుకుంటారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం తెచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు తిరిగి మాటలు ఏరినారు. సరిహద్దుకు ఇవతల ఉన్నందుకు మన తాలూకాలు అందులోకి రాలేదు. ఆ పుస్తకంలో లేకపోవడం ఒక నష్టం. మనమే కూడబెట్టి, అందులో వేరేవాళ్ళ మాట మన మాటగా ఎక్కించుకోవడం రెండో నష్టం, ఇది మొదటిదానికంటే పెద్దది. ఖాళీ లెడ్జర్ కంటే తప్పు ఎంట్రీల లెడ్జర్ ప్రమాదం అని ఏ ఆడిటర్‌నన్నా అడగండి.

పాతకాలం శాసనం చెక్కినోడికి ఈ బాధ లేదు. 1905లో రైస్ దొర కోలారు జిల్లా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా అచ్చేయించినాడు. రాతి మీద చెక్కేవాడు తన చెవికి వినపడినట్టు చెక్కినప్పుడు, ఆ 'తప్పులే' ఈనాడు భాష ఎట్ల నడిచిందో చెప్పే సాక్ష్యాలు. ఉలికి సలహా పట్టీ ఉంటే ఆ సాక్ష్యం ఒక్కటి మిగిలేది కాదు.

మన గుంపులో ఒకాయన వాదన కూడా ఇక్కడ పెట్టాల. పెద్దమనిషి, పేరు వద్దు. "కీబోర్డు శుద్ధమైన తెలుగు నేర్పిస్తా ఉంటే నీకేం కష్టమప్పా, మన పిల్లలు బాగుపడనీ" అన్నాడు. నాకు ఆయన మీద కోపం లేదు, బ్యాంకులో నేనూ పెద్ద ఆఫీసర్ వస్తే ఉన్నది అని మాట్లాడినవాణ్ణే. కానీ శుద్ధం నేర్చుకోవడం వేరు, నాకు తెలియకుండా నా నోట్లో వేరే మాట పెట్టడం వేరు. నేర్చుకునేవాడికి తాను మార్చుకున్నానని తెలుస్తుంది. ఇక్కడ తెలియడం లేదు.

కీబోర్డు ఒక్కటే కాదు, యాపులు కట్టేవాళ్ళ చేతిలోనూ కొంత పాపం ఉంది. మాటలు సేకరించడానికి మనవాళ్ళలో ఒక కుర్రవాడు ఇష్టంగా ఒక చిన్న యాపు కట్టి ఇచ్చినాడు. నేను దాన్ని మొదటిసారి తెరిచి, పేరు దగ్గర తెలుగు కొట్టబోతే ఇంగ్లీషు మీటలు తప్ప రాలేదు. ఊరు దగ్గర చిక్కబళ్ళాపురం అని కొట్టి పక్కన వీధి పేరు రాద్దామంటే చోటు అయిపోయింది. వాక్యం దగ్గర ఒక వరస కొట్టి, రెండో వరసకు పోదామని కింద కుడిపక్క మీట నొక్కితే, సగం వాక్యంతో యాపు నుంచి పంపకం అయిపోయింది. ధన్యవాదాలు అని కూడా చెప్పింది.

తమ్ముని కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని ఇదంతా ఎందుకని అడిగినాను. యాపులో మనం కొట్టే ప్రతి పెట్టె, తెరుచుకునేటప్పుడు కీబోర్డుకు కొన్ని సంగతులు చెప్తుందంట. ఇందులోకి వచ్చేది పేరా, నంబరా, ఈమెయిలా, పెద్ద వాక్యమా అనేది ఒకటి. ఆ కుడిపక్క మీట ఏం చేయాల అనేది ఇంకోటి: తర్వాతి పెట్టెకు పోవాలా, ముగించాలా, వెతకాలా, పంపాలా. దాన్నిబట్టే ఆ మీట మీద బాణం, టిక్కు, భూతద్దం, కాగితపు విమానం బొమ్మలు మారుతా ఉంటాయి. నేను ఇన్నేళ్ళు అవి కీబోర్డు ఇష్టం అనుకున్నాను. అది యాపు మాట. వాక్యం పెట్టెను ఒకటికంటే ఎక్కువ వరసలు పట్టేదిగా ప్రకటిస్తే, ఆ మీట మామూలుగా కొత్త వరసకు పోతుంది. ఒకే వరస పెట్టెగా వదిలేసి పంపు అని పెడితే, నొక్కిన వెంటనే పోతుంది. కుర్రవాడు ఇంగ్లీషు వాక్యాలు ఒక వరసలో కొట్టి పరీక్షించుకున్నాడు, వాడికి పని చేసింది.

పేరు దగ్గర ఇంగ్లీషే రావడానికి కారణం ఇంగ్లీషు అక్షరాలే కావాలని అడిగే ఒక గుర్తు, ఏదో పాత నమూనా నుంచి ఎత్తి పెట్టినట్టు ఉన్నాడు. చోటు చాలకపోవడం అంటే, అక్షరాలకు పరిమితి పెట్టేటప్పుడు ఫోన్ లెక్క వేరు, మన లెక్క వేరు. చిక్కబళ్ళాపురం మన లెక్కకు చి, క్క, బ, ళ్ళా, పు, రం, ఆరు అక్షరాలు. ఫోన్‌కు గుడి ఒకటి, పొల్లు ఒకటి, కొమ్ము ఒకటి, సున్న ఒకటి, మొత్తం పద్నాలుగు. ఇరవై పెట్టినవాడు ధారాళంగా పెట్టినాననే అనుకొని ఉంటాడు. ఎస్సెమ్మెస్‌లో కూడా ఇదే అన్యాయం, ఇంగ్లీషుకు 160 పట్టేచోట మనకు 70.

వీటన్నిటికంటే నాకు ముఖ్యం అనిపించిన సంగతి ఒకటి ఉంది. పెట్టెకు 'సలహాలు వద్దు' అని ఒక గుర్తు పెట్టొచ్చంట. అది పెడితే, చెప్పిన మాట వినే కీబోర్డులు పట్టీ మూసేస్తాయి, దిద్దుబాటు ఆపేస్తాయి. ఈ పెట్టెలోకి ఫలానా భాష రాబోతుంది అని యాపు ముందే సూచించే వసతి కూడా 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఉంది. సూచించడం వరకే, వినాలా వద్దా అనేది కీబోర్డు ఇష్టం. మాండలికం ఏరే యాపులో మిగతావి ఎట్ల ఉన్నా, వాక్యం పెట్టెకు సలహాలు వద్దు అనే గుర్తు లేకపోతే ఆ యాపు ఏరేది మాండలికం కాదు, కీబోర్డు భాష. కుర్రవాడికి ఈ నాలుగూ చెప్పినాను. ముఖం చిన్నబుచ్చుకోలేదు, రెండు రోజుల్లో దిద్దినాడు. దిద్దినాక నేను మొట్టమొదట కొట్టిన వాక్యం, ఉండాది ఉన్నట్టే నిలిచింది.

మాటతో రాయించడం మేలు కదా అని కొందరు అడిగినారు. నేనూ ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని చూసినాను. పేపర్ చదివినట్టు మాట్లాడితే బాగా రాస్తుంది. మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే, చెవి కూడా బడికి పోయిందే. శానా అంటే చాలా అని రాసుకునింది. మాండలికానికి ఇప్పటికి మంచిది గొంతు రికార్డు చేసి పంపడం, దాన్ని రాత కిందకు మార్చే పని మనలో ఎవరన్నా చెవితో చేయడం. యాభై ఏళ్ళ కింద కార్డుల మీద రాసుకున్నోళ్ళు చేసిందీ అదే.

నేను ఇప్పుడు నా ఫోన్లో ఏం చేసుకున్నానో చెప్పి ముగిస్తాను, కొందరికి పనికొస్తుంది. కీబోర్డు సెట్టింగుల్లో ఆటో కరెక్షన్ ఆపేసినాను. పట్టీ ఉంచుకున్నాను కానీ క్రియ దగ్గర ముట్టను, చివరిదాకా వేలితోనే కొడతాను. వ్యక్తిగత నిఘంటువు అని ఒకటి ఉంటుంది, దాంట్లో ఉండాది, ఉండాడు, ఉండారు, ఉండాము, అనింది, యాడ, ఈడ, శానా ఒకటొకటే ఎక్కించినాను. తెలుగుకు వేరే, కన్నడానికి వేరే ఎక్కించుకోవాల. తోడల్లుడికి కూడా కన్నడ అక్షరాల్లో ఇల్లు, మాట, నీళ్ళు, ఇట్లాంటివి ఎక్కించి ఇచ్చినాను. వాట్సాప్‌లో ఎంటర్ నొక్కితే పోయేట్టుగా ఒక ఏర్పాటు ఉంటుంది, అది తీసేస్తే ఎంటర్ కొత్త వరసకు పోతుంది. ఆయన ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలు మానేసి కన్నడ అక్షరాల్లో పంపుతా ఉండాడు. నేను 128 తీసేసి తెలుగులో చదువుకుంటాను. చేత్తో కాదులెండి, తమ్ముని కొడుకు ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టినాడు.

మన పేజీకి మాటలు పంపేవాళ్ళు ఇకమీదట కన్నడ లిపిలోనే పంపినా పరవాలేదు. ఒక్క మాట కాకుండా, ఆ మాట ఉండే పూర్తి వాక్యం పంపండి, తోకతో సహా. పంపే ముందర ఒకసారి బయటికి చదువుకోండి, మీ నోట వచ్చినట్టు ఉండాదా లేదా అని. ఇప్పటికే పంపినవాళ్ళలో చింతామణి, చేళూరు వైపు వాళ్ళ వాక్యాలు నా దగ్గర కొన్ని ఉండాయి, ఒకొక్కరికీ ఫోన్ చేసి అడిగి దిద్దుతా ఉండాను. నిన్న ఫోన్ చేసిన ఆయన పీకుతా ఉండారు కూడా కాదు, పీకతాండారు అన్నాడు. దిద్దినాను.